మారీచుని గొంతు – సీతమ్మ ప్రశ్న



వానాకాలపు వడ్ల డబ్బులు ఖాతాల్లో పడుతున్న రోజులవి. ఒకనాటి మధ్యాహ్నం భోజనానంతరం కునుకు తీస్తుండగా చరవాణి మ్రోగింది. తెలియని నంబరు. ఎత్తగానే ఏడుపు. "తాతా, నేను..." అని రెండు మాటలు, మళ్ళీ ఏడుపు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మా మనుమని గొంతు. నాకు సందేహం కలుగలేదు. అంతలో మరొకడు ఫోను అందుకొని, తాను ఎస్సైనని, పిల్లవాడు బండితో ఒక మనిషిని గుద్దాడని, కేసు వ్రాయకముందే అవతలివారితో రాజీ చేసుకుంటే చదువు చెడదని, వెంటనే ఎనభై వేలు పంపమని, ఫోను పెట్టవద్దని, ఎవరికీ చెప్పవద్దని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

నేను కళ్ళజోడు వెదుక్కుంటున్నాను. చేతులు వణుకుతున్నాయి. వంటింట్లోనుంచి వచ్చిన నా భార్య సంగతి విని ఫోను తీసుకొన్నది. "సారూ, ఒక్కపారి పిల్లగానికి ఇయ్యుండ్రి" అన్నది. మళ్ళీ ఏడుపు వినిపించింది. "బిడ్డా, ఏడువకు. నన్ను ఇంట్ల ఏమని పిలుస్తవో చెప్పు" అని అడిగింది. ఏడుపు ఆగింది. నిశ్శబ్దం. ఫోను కట్టయింది.

మనుమనికి మేమే ఫోను చేశాము. "ఏంది తాతా, క్లాసుల ఉన్న" అని గుసగుసగా అన్నాడు.

ఆ ఏడ్చినది కృత్రిమ మేధ సృష్టించిన గొంతో, అనుకరణ తెలిసిన మనిషో నేను తేల్చి చెప్పలేను. రెండు మాటలు, కొంత ఏడుపు, అంతే. కాని ముప్పైయేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాడు బోల్తాపడబోయిన చోట, ఏడవ తరగతితో చదువు మానిన ఆమె ఎట్లా నిలబడింది? ఆ ప్రశ్న నన్ను పాత పుస్తకాల దగ్గరకు తీసుకుపోయింది. అక్కడ దొరికినదే ఈ వ్యాసం.

మొదటి దొంగగొంతు

మన వాఙ్మయంలో గొంతు దొంగతనం కొత్తది కాదు. వాల్మీకి అరణ్యకాండలో, రాముని బాణం తగిలిన మారీచుడు ప్రాణం పోతూ రాముని కంఠస్వరంతోనే సీతాలక్ష్మణులను పేరుపెట్టి ఆక్రోశిస్తాడు. ఆ గొంతు విన్న సీత తల్లడిల్లింది. ఇది రాక్షసమాయ అని లక్ష్మణుడు చెప్పాడు. ఆమె వినలేదు సరికదా, ఆయన మనస్సునే శంకించి, అనరాని మాటలు అని పంపించింది. తరువాత జరిగినది అందరికీ తెలిసినదే.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. మారీచుడు సీతను ఏమీ ఇమ్మని అడుగలేదు. ఆప్తుని గొంతు వినిపించాడు, ఆపద అన్నాడు, వ్యవధి లేకుండా చేశాడు. పక్కనున్న వివేకిని ఆమే దూరం చేసుకొన్నది. నాకు ఫోను చేసినవాడు "ఎవరికీ చెప్పవద్దు" అన్నది ఆ లక్ష్మణుణ్ణి దూరం చేయడానికే.

యుద్ధకాండలో రావణుడు మరొక మెట్టు ఎక్కాడు. విద్యుజ్జిహ్వుడనే మాయావి చేత రాముని శిరస్సును, ధనుస్సును పోలిన వాటిని చేయించి సీత ముందు పెట్టించాడు. నేటివారు డీప్‌ఫేక్ అంటున్నది మన పురాణ పరిభాషలో మాయాశిరస్సే. అప్పుడు సరమ వచ్చి నిజం చెప్పింది. అంటే, కంటికి కనిపించినదానిని కాదన్నది మరొక యంత్రం కాదు, నమ్మదగిన మనిషి.

ముద్ర నిజం, మాట అబద్ధం

పురాణం వదలి చరిత్రకు వద్దాం. గొంతుకు ముందు లోకం నమ్మినది ముద్రను. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు. జనపదంలోనికి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఒక మాషకం చెల్లించి అతని వద్ద ముద్ర తీసుకోవాలి. ముద్ర లేకుండా తిరిగిన జానపదునికి 12 పణాల దండన. దొంగముద్రకు అంతకు మించిన దండన. అంటే రాజముద్ర పుట్టిన చోటనే కూటముద్ర కూడా పుట్టిందన్నమాట. అదే గ్రంథంలో ఉద్యోగులు రాజధనం హరించే 40 ఉపాయాలను లెక్కపెట్టి మరీ చెప్పాడు ఆ మహానుభావుడు.

విశాఖదత్తుని ముద్రారాక్షసం చదివినవారికి ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుని చేతికి చిక్కింది. రాక్షసుని మిత్రుడైన శకటదాసు చేత, ఎందుకో తెలియనీయకుండా, ఒక లేఖ వ్రాయించాడు. దానిమీద ఆ ఉంగరంతో ముద్ర వేయించాడు. ఆ లేఖ మలయకేతుని చేతిలో పడింది. అతడు మూర్ఖుడేమీ కాదు. శకటదాసు వ్రాసిన మరొక వ్రాత తెప్పించి అక్షరాలు పోల్చి చూశాడు. అక్షరాలు సరిపోయాయి. ముద్ర సరిపోయింది. పరీక్ష అంతా సక్రమంగా జరిగింది. తీర్పు మాత్రం పూర్తిగా తప్పు. రాక్షసుణ్ణి పిలిచి "నీ శత్రువుల వద్దకు పోయిన సమయంలో నీ ఉంగరం ఎక్కడున్నది?" అని నిదానంగా విచారించి ఉంటే కథ మరొక విధంగా ఉండేది.

ఇది నాటకం కదా అంటారేమో. రాగిరేకు మీద నిలిచిన సాక్ష్యం ఉన్నది. క్రీ.శ. 631 నాటి హర్షవర్ధనుని మధుబన్ తామ్రశాసనంలో, వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనం చూపి సోమకుండక అనే గ్రామాన్ని అనుభవిస్తున్నాడని, దానిని రద్దు చేసి ఆ గ్రామాన్ని ఇతరులకు ఇస్తున్నామని చక్రవర్తి చెప్పుకొన్నాడు. దొంగ పత్రాన్ని రద్దు చేస్తూ వెలువడిన పత్రం అది!

సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి గుళ్ళకు పిల్లలను తీసుకుపోయినప్పుడు, రాతి శాసనాలను చూపి వారికి ఒక మాట చెప్పేవాణ్ణి. తామ్రశాసనం దానం పుచ్చుకొన్నవాని ఇంట్లో ఉంటుంది, దానిని మార్చినా ఎవరికీ తెలియదు. శిలాశాసనం గుడి ముందర నలుగురి కళ్ళ ఎదుట ఉంటుంది, దానిని మార్చడం కష్టం. నలుగురి నడుమ ఉన్నదానికి ఉన్న బలం రహస్యానికి లేదు. ఆనాడు శాసనాల గురించి చెప్పిన ఈ మాట నేడు ఫోనుకూ వర్తిస్తుందని నాకు తట్టలేదు.

వేలిముద్ర

ముద్ర ఎవడైనా చేయించుకోగలడు, సంతకం ఎవడైనా అనుకరించగలడు, మరి శరీరానికే పుట్టిన ముద్రనో? 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లాధికారి, రోడ్డు కంకర సరఫరాకు ఒప్పుకొన్న రాజ్యధర్ కోనాయి అనే వ్యక్తి చేత ఒప్పందపత్రం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. తరువాత మాట తప్పకుండా ఉండేందుకు వేసిన ఎత్తు అది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. దాని వెనుకనున్న వర్గీకరణ పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవారిద్దరి కృషి ఆధారం.

వేలిముద్ర నిజమైనదే కావచ్చు. కాగితం మీది వ్రాత? నిజాం కాలంలో మా నల్లగొండ జిల్లా రైతుకు ఉర్దూ కాగితం చదువరాదు. పట్వారీ ఎక్కడ చూపితే అక్కడ బొటనవేలు ఒత్తాడు. అప్పు కాగితమనుకొన్నది భూమి అమ్మకం కాగితమయ్యేది. 1946-51 నాటి సాయుధ పోరాటానికి కారణాలు చెప్పేటప్పుడు వెట్టిచాకిరి పక్కన ఈ కాగితాల మోసాన్నీ చెప్పుకోవాలి. ముద్రారాక్షసంలో శకటదాసు అక్షరాల వలె, ఇక్కడ రైతు వేలూ నిజమే. మాటే అతనిది కాదు.

ఆ వేలు కూడా ఎంతోకాలం నిజంగా మిగలలేదు. 2018లో మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషను పత్రాలలోని వేలిముద్రలను సేకరించి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకలు వేళ్ళు తయారుచేసి, ఇతరుల పేర సిమ్ కార్డులు తెరిచాడని హైదరాబాదు పోలీసులు పట్టుకొన్నారు.

ఒక ఫోను, అరవై లక్షలు

ఇక ఫోను. 1971 మే 24న ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ప్రధాన కోశాధికారి వేదప్రకాశ్ మల్హోత్రాకు ఒక పిలుపు వచ్చింది. అవతల ప్రధాని ఇందిరాగాంధీ గొంతు. బంగ్లాదేశ్ విషయమై అత్యంత రహస్యమైన పని, 60 లక్షల రూపాయలు వెంటనే కావాలి, ఫలానా చోట ఒక వ్యక్తి కలుస్తాడు, తాను 'బంగ్లాదేశ్ బాబు'నని అతడంటే 'బార్ ఎట్ లా' అని బదులు చెప్పి డబ్బు ఇవ్వాలి. మల్హోత్రా బ్యాంకు కారులో నోట్ల పెట్టెలు తీసుకుపోయి ఇచ్చాడు. రసీదు కోసం ప్రధాని నివాసానికి వెళ్ళినప్పుడు గాని మోసం బయటపడలేదు.

రుస్తుం సోహ్రాబ్ నాగర్‌వాలా అనే మాజీ సైనికాధికారిని ఆనాడే పట్టుకొన్నారు. డబ్బులో అధికభాగం దొరికింది. ప్రధాని గొంతును అనుకరించినది తానేనని అతడు ఒప్పుకొన్నాడని కేసు. రోజుల్లోనే శిక్ష పడింది. 1972లో అతడు మరణించాడు. 1977లో జనతా ప్రభుత్వం దీనిపై విచారణ సంఘం నియమించింది. దానికి అధ్యక్షుడు మన తెలుగువాడే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన పింగళి జగన్మోహనరెడ్డి. ఆ కేసులోని అనేక ప్రశ్నలు అప్పటికీ ప్రశ్నలుగానే మిగిలాయి.

నాకు ముఖ్యమనిపించినది సంకేతపదం. అక్కడ సంకేతపదం ఉన్నది కదా, మరి మోసం ఎట్లా జరిగింది? ఆ సంకేతాన్ని నిర్ణయించినది ఫోను చేసినవారే. దొంగ తెచ్చిన తాళంతో దొంగ తెచ్చిన తాళంచెవి సరిపోయింది. ప్రధాని నివాసానికి ముందే తిరిగి ఒక ఫోను చేసి ఉంటే అరవై లక్షలూ కదిలేవి కావు.

కళ చౌకబడిన కాలం

వరంగల్లులో 1932లో పుట్టి 2018లో కన్నుమూసిన పద్మశ్రీ నేరెళ్ళ వేణుమాధవ్ గారిని విన్నవారికి ధ్వన్యనుకరణ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఒక్క కంఠంలో ఎందరెందరో పలికేవారు. అది ఏళ్ళ తరబడి చేసిన సాధన. సభలో కూర్చున్నవారికి అది అనుకరణ అని తెలుసు, తెలిసే ఆనందిస్తారు. తెలియనీయకుండా చేస్తే అదే మోసం. కళకూ మోసానికీ మధ్య గీత అక్కడ ఉన్నది.

నాగర్‌వాలా వంటివాడు తరానికొకడు. వేణుమాధవ్ గారి వంటివారు శతాబ్దానికొకరు. ఇప్పుడు మారినదల్లా ఈ లెక్కే. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో, ఆయన సహచరులు ఒక పద్ధతి కనిపెట్టారు. అందులో ఒక యంత్రం నకలు చేస్తూ ఉంటుంది, మరొకటి తప్పు పడుతూ ఉంటుంది. ఆ తప్పులు దిద్దుకొంటూ మొదటిది ఆరితేరుతుంది. 2017 నాటికి మనుషుల ముఖాలు మార్చే వీడియోలకు డీప్‌ఫేక్ అన్న పేరు స్థిరపడింది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఈ అనే నమూనాను ప్రకటించారు. 60,000 గంటల ఆంగ్ల ప్రసంగం విని నేర్చుకొన్న ఆ యంత్రానికి ఎవరి గొంతైనా 3 సెకన్లు వినిపిస్తే చాలు, ఆ గొంతుతో కొత్త మాటలు పలుకుతుంది. మన పిల్లలు పెండ్లి సందడిలో తీసి పంచుకొనే వీడియోలలో మూడు సెకన్లకు కొదువా?

ఫలితాలు త్వరగానే వచ్చాయి. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని మరొక యువతి దేహానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు నిందితుణ్ణి పట్టుకొన్నది మన గుంటూరు జిల్లాలో. అది డబ్బు మోసం కాదు, అనుచరులను పెంచుకోవడానికి చేసిన పని. కాని ఆ విద్య ఎంత దగ్గరకు వచ్చిందో చెప్పడానికి ఆ ఊరి పేరే చాలు.

2023 జూలైలో కేరళలోని కోళికోడులో ఒక విశ్రాంత ఉద్యోగికి వీడియో పిలుపు వచ్చింది. తనతో ఒకప్పుడు పనిచేసిన ఆంధ్ర సహోద్యోగి ముఖం, అతని మాట. పాత మిత్రుల క్షేమం అడిగి, ఇంట్లో శస్త్రచికిత్స ఉన్నదని చెప్పి 40,000 రూపాయలు తీసుకొన్నాడు. మళ్ళీ 35,000 అడగడంతో ఆయనకు అనుమానం వచ్చి, తన వద్దనున్న పాత నంబరుకు చేశారు. అసలు మిత్రునికి సంగతే తెలియదు. వెంటనే ఫిర్యాదు చేసినందువల్ల పోలీసులు ఆ డబ్బు రాబట్టగలిగారు.

2024లో అరప్ అనే బ్రిటిషు ఇంజనీరింగు సంస్థ హాంకాంగు ఉద్యోగి ఇంకా పెద్ద ఉచ్చులో పడ్డాడు. రహస్యంగా డబ్బు పంపమని ఉత్తరం రాగానే అతనికి మొదట అనుమానమే కలిగింది. తీర్చుకోమని వీడియో సమావేశానికి పిలిచారు. అందులో ఆర్థికాధికారి, తెలిసిన సహోద్యోగులు కనిపించారు. అనుమానం తీరింది. 20 కోట్ల హాంకాంగు డాలర్లు పంపాడు. ఆ సమావేశంలో నిజమైన మనిషి అతడొక్కడే.

ఎవరు తెచ్చిన ఆనవాలు?

ఉంగరం, అక్షరం, రాగిరేకు, వేలిముద్ర, గొంతు, ముఖం. లోకం ఏ ఆనవాలును గట్టిగా నమ్మితే దొంగ దానినే నేర్చుకొన్నాడు. కనుక నేటి వీడియోలలో దోషాలు వెదికి గెలుద్దామనుకోవడం కూడా ఎక్కువకాలం చెల్లదు. 2018లో అమెరికాలోని ఆల్బనీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, నకిలీ ముఖాలు సరిగా రెప్పవేయవని గుర్తించారు. అది బయటికి రాగానే నకిలీ ముఖాలు రెప్పవేయడం నేర్చుకొన్నాయి.

మరి దారి ఏది? మళ్ళీ సీతమ్మ దగ్గరకే పోవాలి. అరణ్యంలో గొంతుకు మోసపోయిన ఆ తల్లి అశోకవనంలో మోసపోలేదు. హనుమంతుడు రామదూతనన్నాడు. రావణుడే వేషం మార్చుకొని వచ్చాడేమోనని ఆమె శంకించింది. రామలక్ష్మణుల శరీరలక్షణాలు చెప్పమన్నది, నరులకూ వానరులకూ స్నేహం ఎట్లా కలిసిందని అడిగింది. ఆయన అన్నీ చెప్పిన తరువాతనే ఉంగరం బయటికి వచ్చింది. ఉంగరం ఆయన తెచ్చిన ఆనవాలు. ప్రశ్న ఆమె అడిగిన ఆనవాలు. తిరుగు ప్రయాణంలో ఆమె చూడామణితో పాటు కాకాసుర వృత్తాంతం కూడా చెప్పి పంపింది. అది తనకూ రామునికీ మాత్రమే తెలిసిన ముచ్చట.

అవతలివాడు తెచ్చిన ఆనవాలు ఎంత గట్టిదైనా సరే, మనం అడిగినదే ఆనవాలు. నేను చదివిన చరిత్ర మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడిపోయింది. నా భార్య ఏ పుస్తకమూ తిరగవేయకుండానే చేసినది ఇదే.

దీనిని ఇంట్లో ఆచరణకు తెచ్చుకోవడం సులభం. డబ్బు, ఆపద అన్న పిలుపు ఏ గొంతుతో వచ్చినా పెట్టివేసి, మన వద్ద ముందునుంచి ఉన్న నంబరుకు మనమే చేయాలి. నిజమైన ఆపదైతే అయిదు నిమిషాలు ఆగుతుంది. ఇంటిల్లిపాదికీ తెలిసిన ఒక మాటో, ముచ్చటో ముందే అనుకోవాలి. దానిని ఎక్కడా వ్రాయరాదు, మనం అడుగనిదే ఎవరూ పలుకరాదు. "ఎవరికీ చెప్పవద్దు" అన్న మాట వినబడగానే మొదట పక్కవారికి చెప్పాలి.

పోలీసు దుస్తులతో వీడియోలో కనిపించి డిజిటల్ అరెస్టు అంటే భయపడనక్కరలేదు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఆ మాటే చెప్పి, ఆగి ఆలోచించి తరువాత చర్య తీసుకోమన్నారు. శుభలేఖ అని, చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళను తెరువరాదు. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ అవసరం లేదు. పిన్ను అడిగితే డబ్బు పోతున్నదని అర్థం.

డబ్బు పోతే తక్షణం 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకు చెప్పాలి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మోసపు డబ్బు ఖాతానుంచి ఖాతాకు పరుగెత్తుతుంది. అది చేయి దాటకముందే నిలిపివేయాలంటే మొదటి గంట విలువైనది. పాత శిక్షాస్మృతిలోని 420 మన భాషలో ఒక తిట్టుగా స్థిరపడింది. 2024 జూలై 1నుంచి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో మోసం 318వ సెక్షను, మారువేషపు మోసం 319వ సెక్షను. కంప్యూటరు సాయంతో మరొకరినని నమ్మించి మోసగిస్తే ఐటీ చట్టపు 66డి కూడా ఉన్నది.

చివరగా సిగ్గు సంగతి. నేను ఈ ముచ్చటను పదిరోజులు ఎవరికీ చెప్పలేదు. పంతులు ఇంత తెలివితక్కువవాడా అనుకొంటారని. ఆ తరువాత ఒకనాడు బజారులో టీ త్రాగుతూ చెబితే, నా వయసువాడే ఒకాయన తలవంచుకొని, తన కూతురి గొంతు విని తాను పంపేశానని మెల్లగా అన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదట. ఆయన ఒక్కనాడు ముందు నోరు విప్పి ఉంటే నేనూ, నేను ముందు విప్పి ఉంటే మరొకరూ జాగ్రత్తపడేవారు. మోసపోయినవాని మౌనమే మోసగానికి తరువాతి పెట్టుబడి. ఆయనను వెంటబెట్టుకొని ఠాణాకు పోయి ఫిర్యాదు ఇప్పించాను. డబ్బు ఇంకా రాలేదు. కూతురికి మాత్రం ఆ సాయంత్రమే చెప్పుకొన్నాడు.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇటువంటి పిలుపులు వచ్చి ఉంటే తెలుపండి, పదిమందికి పనికివస్తుంది. మా మనుమడు వాళ్ళ బాపమ్మను ఏ ముద్దుపేరుతో పిలుస్తాడో మాత్రం నేను చెప్పను. మీ ఇంటి మాటనూ ఇక్కడ వ్రాయకండి.

స్వస్తి.